‘తెల్వది’ అన్న జవాబు

చివరి రోజుల్లో అమ్మ మేడ్చల్‌లో మా ఇంట్లోనే మంచం పట్టింది. చూపు బాగా తగ్గిపోయింది. పొద్దుగూకినాక తన బైబిల్ నా చేతికిచ్చి కీర్తనల గ్రంథం చదవమనేది. నేను చదివేదాన్ని. ఒక సాయంత్రం మధ్యలో ఆపి అడిగింది: “బిడ్డా, దేవుడున్నడని నువ్వు నమ్ముతున్నవా?”

నేను సంఘం వదిలి అప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో అమ్మ ఆ మాట ఒక్కసారీ అడగలేదు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. మతం గురించి, పితృస్వామ్యం గురించి ఎన్ని సభల్లో మాట్లాడానో లెక్కలేదు. అయినా ఆ చిన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. నమ్ముతున్నానంటే అబద్ధం. లేడు అందామంటే, అది నాకు నిజంగా తెలిసిన సంగతేనా?

అమ్మకు దేవుడు ఏమిచ్చాడో ముందు చెప్పాలి. అది చెప్పకుండా సంఘం నాకేం చేసిందో చెబితే సగం చరిత్రే అవుతుంది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఇప్పుడు వెంచర్లు, గోదాములు, రింగు రోడ్డు కనిపిస్తున్నాయి కానీ, నా చిన్నప్పుడు ఇదంతా ద్రాక్షతోటల సీమ. అనాబ్‌షాహీ పందిళ్ళ కింద రోజంతా మెడలెత్తి గుత్తులు కత్తిరించే కూలీల్లో మా అమ్మ ఒకతె. మాదిగవాడ మనిషి. తోటకాడ నీళ్ళు పైనుంచి పోస్తే దోసిట పట్టుకుని తాగిన మనిషి. ఆమెను మొదటిసారి ‘సిస్టర్’ అని పిలిచినవాళ్ళు సంఘం వాళ్ళు. బడి గడప తొక్కని అమ్మ బైబిల్లోనే అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. నాన్న తాగుడు మానేశాడు. ఆ మాన్పించడం ఏ డాక్టరు వల్లా కాలేదు, అమ్మ ఏడుపుల వల్లా కాలేదు.

అదే సంఘంలో నేను పెరిగాను. బొట్టు లేదు, పూలు లేవు, గాజులు లేవు, సినిమా లేదు. కీసరగుట్ట మీదుగా బస్సు పోతుంటే కళ్ళు మూసుకోమనేవారు, అది సాతాను కొండ అని. నెత్తిన ముసుగు లేకుండా ప్రార్థనకు కూర్చోకూడదు. స్త్రీలు సంఘంలో మాట్లాడకూడదు. ఇంటర్‌లో ఉండగా కాలేజీ నాటకంలో బొట్టు పెట్టుకుని వేషం వేశాను. ఎవరో చూసి చెప్పారు. ఆదివారం ఆరాధనలో పెద్దలు నన్ను అందరి ముందూ నిలబెట్టి తప్పు ఒప్పుకోమన్నారు. మాట్లాడకూడని ఆడపిల్లకు మొట్టమొదట దొరికిన మాట ఒప్పుకోలు! నేను నోరు తెరవలేదు. ఆ ఆదివారం నుంచి మూడేళ్ళు, చదువు సాకుతో ఊరు విడిచేదాకా, రెండో వరసలో మౌనంగా కూర్చుని, ఆ తర్వాత మళ్ళీ వెళ్ళలేదు.

విచిత్రం ఏమంటే, నేను వదిలిన మతం నా సర్టిఫికెట్ల మీద ఎన్నడూ లేదు. అక్కడ ‘హిందూ, మాదిగ’ అని ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఆ తలుపు తెరుచుకోలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న దళితులను వెనకబడిన తరగతుల ‘సి’ గ్రూపులో పెట్టారు. కాబట్టి నా ఫీజు కోసం నాన్న బళ్ళో ఒక మతం రాయించాడు, ఆదివారం ఇంకో మతానికి నడిచాడు. మతం వదిలిన దళిత స్త్రీని ‘ఇంతకీ నువ్వేంటి?’ అని అడిగేవాళ్ళకు ఇది అర్థం కాదు. దేవుణ్ణి వదలొచ్చు. కులం గడిలో మాత్రం ఏదో ఒకటి రాయాల్సిందే.

సంఘం వదిలాక ఏ దిక్కుకు పోవాలో తెలియక, చరిత్రలో నాలాంటివాళ్ళ కోసం వెతికాను. ముందు దొరికినవాళ్ళంతా మగవాళ్ళే. స్త్రీ స్వేచ్ఛ గురించి అంత తీవ్రంగా రాసిన చలం బ్రహ్మసమాజం మీదుగా నడిచి, దేవుణ్ణీ నీతినీ కడిగేసి, 1950లో ఇల్లంతా కదిలించుకుని రమణాశ్రమం ఉన్న తిరువణ్ణామలైకి వెళ్ళిపోయాడు. 1979లో పోయేదాకా అక్కడే. పురాణాలను నిలదీసిన త్రిపురనేని రామస్వామి చౌదరి కొడుకు గోపీచంద్, తండ్రి హేతువాదంలో పెరిగి, చివరికి అరవిందుడి వైపు మళ్ళాడు. మన విమర్శకులు ఈ ప్రయాణాలను ఎంత గౌరవంగా రాశారు! అన్వేషణ అన్నారు, పరిణామం అన్నారు. ఇదే దారిలో ఒక స్త్రీ వెనక్కి నడిస్తే ఏమంటారో మనకు తెలుసు. ‘ఎంతైనా ఆడది, చివరికి దేవుడే దిక్కయ్యాడు’ అంటారు. ముందుకే నడిస్తే ‘మొగుడు నాస్తికుడు కదా’ అంటారు. నమ్మకం మార్చుకునే హక్కు కూడా మగవాడికి తాత్వికత, మనకు బలహీనత.

సరస్వతీ గోరా గారి విషయంలో నేనూ ఆ తప్పే చేశాను. చాలాకాలం ఆమెను గోరా గారి భార్యగానే చదివాను. 1912లో పుట్టిన ఆమెకు పదేళ్ళకే, 1922లో పెళ్ళయింది. భర్త జంధ్యం వదిలేస్తే అత్తవారింట్లో చోటు పోయింది. అప్పటికి ఆమెకు నిండా ఇరవయ్యేళ్ళు లేవు. 1933లో కాకినాడ కాలేజీలో నాస్తికత్వం మీద రాసినందుకు గోరా ఉద్యోగం ఊడింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఇద్దరూ కలిసి నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. గోరా సిద్ధాంతాన్ని ఉపన్యాసాల్లో చెప్పారు. సరస్వతి కడుపుతో ఉండి గ్రహణం చూశారు, నిప్పుల మీద నడిచారు. గ్రహణం మొర్రి వస్తుందన్న భయం మగవాడి ఒంటి మీద ఉండదు. దాన్ని పరీక్షకు పెట్టాలంటే పణంగా పెట్టాల్సింది ఆమె గర్భాన్నే. జీతం లేని ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలను సాకింది కూడా ఆమే. నాస్తికత్వం ఆయనకు ఒక వాదమైతే, ఆమెకు ఒళ్ళూ ఇల్లూ కూడా. 2006లో, తొంభై నాలుగో ఏట పోయేదాకా ఆమె వెనక్కి చూడలేదు. 1975లో గోరా పోయాక మరో ముప్ఫై ఏళ్ళు ఆమె నమ్మకం ఎవరి నీడలోనిది మరి?

వాళ్ళ పెద్దమ్మాయి మనోరమకూ దళిత యువకుడు అర్జునరావుకూ పెళ్ళి 1948 మార్చిలో సేవాగ్రామంలో జరిగింది. తానే దగ్గరుండి చేయిస్తానన్న గాంధీ అప్పటికి లేడు. కానీ ఆ పెళ్ళిలో దేవుడి సాక్షిగా అన్నచోట సత్యం సాక్షిగా అనవచ్చని ముందే ఒప్పుకున్నాడు. నమ్మే మనిషి, నమ్మని మనిషి కోసం ఒక మాట మార్చుకోవడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. మా సంఘంలో ఏ పెద్దా నాకోసం ఒక్క అక్షరం మార్చలేదు.

ఆ ఇంటికే 1960లో కోడలుగా వచ్చారు హేమలత. మహాకవి జాషువా కూతురు, క్రైస్తవం ఉన్న ఇంట్లోంచి వచ్చిన మనిషి. లవణం గారితో పెళ్ళి తర్వాత ఆమె చేసిన పనుల్లో నన్ను కదిలించేది నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య చేసిన పని. మా మేడ్చల్ స్టేషన్లో ఎక్కితే ఆ రైలు నిజామాబాద్ పోతుంది. ఆ దారిలోని ఊళ్ళల్లో దళిత ఆడపిల్లలకు అమ్మవారి పేర తాళి కట్టి ఊరి మగవాళ్ళకు వదిలేసేవారు. దేవుడున్నాడా లేడా అన్నది అక్కడ రచ్చబండ తర్కం కాదు. ఉన్నాడంటే ఆ పిల్ల బతుకు ముగిసినట్టే. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జోగిని, దేవదాసి అంకితాలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం వెనక ఊరూరా తిరిగిన ఆడవాళ్ళ కాళ్ళున్నాయి. హేమలత గారు 2008లో పోయారు.

ఇక్కడ నన్ను నేను అడుగుతాను. సరస్వతి గారి దారి ఇంత స్పష్టంగా ఉంటే నేనెందుకు ‘లేడు’ అనలేను? పిరికితనం కొంత ఉండొచ్చు. కానీ అసలు కారణం వేరు. పదిహేడేళ్ళు ‘ఉన్నాడు’ అని ఎదుటివాడు ఎలా చెబితే అలా పలికిన నోరు నాది. ఇంకో నిశ్చయాన్ని అంత గట్టిగా పలకమంటే దానికి భయం. పైగా అమ్మ మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు ఆమె ముఖంలో వచ్చే నెమ్మది నేను చూశాను. దాన్ని భ్రమ అని కొట్టేయడానికి నా చరిత్ర డిగ్రీ చాలదు.

అయితే నమ్ముతూనే సంఘాన్ని వదలొచ్చు కదా? ఆ దారిలో పండిత రమాబాయి కనిపిస్తారు. 1858లో పుట్టి, తల్లి దగ్గర సంస్కృతం నేర్చుకుని, కరువులో తల్లిదండ్రులను పోగొట్టుకుని, దేశమంతా కాలినడకన తిరిగిన మనిషి. భర్త పోయాక, చిన్న కూతురితో ఇంగ్లండు వెళ్ళి 1883లో బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడి సన్యాసినులు ఆమెకు చర్చి చెప్పినట్టు నమ్మమని చెప్పారు. ఆమె ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. బ్రాహ్మణ పురోహితుల కాడి కిందినుంచి ఎంతో కష్టపడి బయటపడ్డాననీ, మళ్ళీ ఇంకో కాడికి మెడ వంచలేననీ వాటి సారాంశం. దేవుణ్ణి ఉంచుకుని, దేవుడి దళారులను కాదన్నారామె. నాకు ఆ ధైర్యం ఇష్టం, ఆ నమ్మకం మాత్రం రాదు. నేను దేవుణ్ణి తలుచుకోబోతే, ఒప్పుకో అన్న పెద్ద గొంతే ముందు వినిపిస్తుంది. ఆ గొంతులోంచి ఆయన్ను విడదీయలేకపోయాను.

చిన్నప్పుడు కళ్ళు మూసుకున్న కీసరగుట్టకు చరిత్ర పాఠాలు చెప్పేదానిగా వెళ్ళాను. అక్కడ విష్ణుకుండినుల కాలపు ఇటుక గోడలున్నాయి. ఒక బండమీద ‘తొలచువాన్ఱు’ అని తెలుగు మాట చెక్కి ఉంది. రాళ్ళు తొలిచేవాళ్ళు అని అర్థం, మన లిపిలో దొరికిన తొలి మాటల్లో ఒకటి. ఆ వంశంలో మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు చేసినట్టు శాసనాలు చెప్పుకున్నాయి. అదే వంశంలో గోవిందవర్మ పట్టమహిషి బౌద్ధ విహారం కట్టించింది. దానికి రాజు ఊళ్ళు ఇచ్చిన రాగిరేకులు తుమ్మలగూడెంలో దొరికాయి. సృష్టికి మొదలేది, చచ్చాక ఏమవుతాం అంటే జవాబివ్వకుండా ఊరుకున్న గురువు పేర కట్టిన విహారమది. బాణం దిగినవాడు, ఎవరు వేశారో తేలేదాకా తీయనివ్వనంటే చచ్చిపోతాడు అన్నాడట బుద్ధుడు. భిక్షుణులను చేర్చుకోవడానికి ఆయనే ఎన్ని షరతులు పెట్టాడో మరిచిపోకుండానే, ఆ పోలిక నేను తీసుకుంటాను. హేమలత గారు తీసింది బాణమే.

మన పుస్తకాల్లో ఈ మధ్యదారికి పేరు అజ్ఞేయవాదం. ఇంగ్లీషులో ఆ మాటను 1869లో హక్స్‌లీ పుట్టించాడు. కానీ అజ్ఞేయం అంటే ఎవరికీ తెలియరానిది అని. అదీ ఒక పెద్ద తీర్పే. మా వాడలో అనే ‘తెల్వది’ అలాంటిది కాదు. నాకు తెల్వది, అంతే. నీకు తెలిస్తే చెప్పు, వింటా అన్న చోటు కూడా అందులో ఉంది. 2011 జనగణనలో మతం చెప్పనివాళ్ళ గడిలో దాదాపు 29 లక్షలమంది తేలారు. వాళ్ళలో ఎవరు నమ్మనివాళ్ళో, ఎవరు తెల్వనివాళ్ళో, ఎవరి గడి భర్తో తండ్రో నింపాడో ఆ అంకె చెప్పదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. దేవుడున్నాడో లేడో నాకు తెల్వది. దేవుడి పేరు మీద ఏం జరిగిందో నాకు తెలుసు. జోగిని మెడలో తాళి తెలుసు, సంఘం ముందు నిలబెట్టిన పిల్ల తెలుసు, అమ్మకు దొరికిన అక్షరం కూడా తెలుసు. మొదటిదాంట్లో తీర్పు చెప్పనందుకు రెండోదాంట్లో నోరు మూసుకోవాల్సిన పని లేదు. తెల్వదనడం తప్పించుకోవడమని మన హేతువాద మిత్రులు అంటుంటారు. బాణం తీసే దగ్గర నిలబడకపోతే అవును, తప్పించుకోవడమే.

ఆ సాయంత్రం అమ్మకు ఇవేవీ చెప్పలేదు. “తెల్వదమ్మా” అన్నాను. భయమేసింది. పోయే మనిషికి అంత చిన్న అబద్ధం ఇవ్వలేకపోయానా అని. అమ్మ కొంచెంసేపు ఊరుకుంది. తర్వాత నా చెయ్యి తడుముకుంటూ అంది: “గా పెద్దల ముందు గూడ నువ్వు అబద్ధమాడలే. నేను రెండో వరసల కూసుండి చూసిన. నా నోరు లేవలే బిడ్డా.”

ఆమె ఒప్పుకోలు అది. ఎవరూ నిలబెట్టి అడగకుండా, ముప్ఫై ఏళ్ళకు, మంచంలో పడుకుని చెప్పింది. దానికి క్షమాపణ చెప్పే అధికారం నాకు లేదు, వినే హక్కు మాత్రం ఉంది.

“ఎక్కడ ఆపినవ్? చదువు” అంది. ఆపిన చోటు వెతుక్కుని చదివాను.