కైలాస యాత్రికుడు బందరుకు నేర్పిన చిత్రకళ

మన సభ్యులలో చాలామంది ఉద్యోగరీత్యా బందరు వెళ్లివచ్చినవారే. కలెక్టరాఫీసు, కలంకారీ, బందరు లడ్డు మనకు గుర్తున్నాయి. కాని కైలాసం చూసివచ్చిన ఒక చిత్రకారుడు అక్కడ మన తెలుగు పిల్లలకు కుంచె పట్టడం నేర్పిన సంగతి మన ఇళ్లలోని పిన్నలకు తెలియదు. వారికోసమే ఈ నాలుగు మాటలు.

కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గార్ల కృషితో 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. సర్కారు చదువుకు భిన్నంగా చేతిపనులు, లలితకళలు కూడా నేర్పాలన్నది వారి ఆశయం. 1920లలో అక్కడికి చిత్రకళాచార్యులుగా వంగదేశం నుండి ప్రమోదకుమార ఛటోపాధ్యాయ గారు వచ్చారు.

1885లో పుట్టిన ఆయన కలకత్తాలో చిత్రకళ అభ్యసించి, సాధువుల సాంగత్యం కోరి హిమాలయాలలో తిరిగారు. టిబెట్టులో కైలాస మానససరోవరాలు దర్శించారు. తాంత్రిక సాధకులతో తమ అనుభవాలను, కైలాసయాత్రను వంగభాషలో గ్రంథాలుగా రాశారు. శివుణ్ణి, దేవతామూర్తులను చిత్రించారు. యాత్రలో చూసిన కొండలను ఉన్నవి ఉన్నట్లు దించడం ఒకటి, ఆ కొండల ముందు కలిగిన భక్తిని మూర్తిగా నిలపడం మరొకటి. ఆయన రెండవ దారి పట్టారని నా అభిప్రాయం. రంగు పూసి, నీట తడిపి, మళ్లీ పూసే వంగరీతి అందుకు తగినదే. అందులో గీతలు మెత్తబడి, బొమ్మ మంచులోంచి చూసినట్లుంటుంది.

అడివి బాపిరాజు, గుర్రం మల్లయ్య, కౌతా రామమోహనశాస్త్రి, కౌతా ఆనందమోహనశాస్త్రి గార్లు ఆయన శిష్యులు. భీమవరం ప్రాంతంలో 1895లో పుట్టిన బాపిరాజు గారు తరువాత అదే కళాశాలకు అధ్యక్షులయ్యారు. సింహళం వెళ్లి సిగిరియా కుడ్యచిత్రాలకు ప్రతికృతులు వేశారు. మన కృష్ణ ఒడ్డున ఉన్న ధాన్యకటకపు బౌద్ధ వైభవాన్ని 'హిమబిందు' నవలలో అక్షరాలతోనే చిత్రించారు. గురువు ఉత్తరాన వెదికినదానికి శిష్యునికి మన నదీతీరంలోనే ఆనవాళ్లు దొరికాయి. 1952లో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు అసలు సంగతి. 1924లో ప్రారంభమైన 'భారతి' మాసపత్రిక ఆనాటి మన చిత్రకారుల వర్ణచిత్రాలను ముద్రించి ఇంటింటికీ చేర్చింది. ఆ పాత సంపుటాలు మన అటకల మీద ఇంకా ఉండవచ్చు. పెద్దలు పోగానే అవి తూకానికి పోతున్నాయి. పెన్షనరు మిత్రులారా, కట్టలు విప్పి చూడండి. బొమ్మ కింద పేరు చదివి మనుమలకు చెప్పండి. ఇంట్లో ఉంచే వీలు లేకపోతే దగ్గరి గ్రంథాలయానికి ఇవ్వండి. పాత కాగితం కొనేవారికి మాత్రం వేయకండి.