పొక్కింది పొక్కు కాదు
కోవూరులో ఓ గోడమీద ‘మర్మాంగ పొక్కులకు గ్యారంటీ మందు’ అని చూసి, మందుకన్నా ముందు మాటమీద అనుమానమొచ్చింది. పొక్కు అచ్చతెనుగు, కాలినచోట నీరు చేరి ఉబ్బేది. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది. పాతకాలంలో దుఃఖంతో మనసూ పొక్కేది. ఇప్పుడు గుట్టు బయటికి పొక్కుతుంది. మర్మమేమో సంస్కృతం. సుశ్రుతుడు లెక్కపెట్టిన 107 మర్మాలు దెబ్బ తగిలితే ప్రాణంమీదికొచ్చే చోట్లు. ఆ మాటకి సంస్కృతంలోనే రహస్యమనే అర్థమూ ఉంది, మన నోట్లో పడి సిగ్గు కూడా అయింది. ఇంతకీ మర్మాంగాలమీద చాలామందికి కనిపించే లేతపసుపు నలుసుల్లో నీరూ ఉండదు, మంటా ఉండదు. 1896లో ఫోర్డైస్ అనే వైద్యుడు పెదవులమీద చూసి వర్ణించిన నూనె గ్రంథుల్లాంటివే అవి. అంటుకోవు, మందక్కర్లేదు. నొప్పి, పుండు, రసి, కొత్తగా పెరిగే పులిపిర్లు కనిపిస్తే మాత్రం గోడ దగ్గర ఆగకుండా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.