ఇంజనీరింగు కళాశాలలు - బోధకుల శిక్షణము

కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున గణదాస హరదత్తులను ఇద్దఱు నాట్యాచార్యులు తమలో నెవరు మిన్నయని వాదులాడి రాజునొద్దకు వత్తురు. మధ్యవర్తినిగా నున్న పరివ్రాజిక వారిని స్వయముగా ఆడి చూపుడని యడుగదు. వారి శిష్యురాండ్రచే ప్రదర్శింపజేయుడనును. గురువు నేర్పును శిష్యునియందు చూడవలెనను ఈ న్యాయము నాట్యశాలలో నంత పాతదైనను, ఇంజనీరింగు కళాశాలలలో ప్రవేశించుటకు చాల కాలము పట్టినది. అది యెట్లు ప్రవేశించెనో, మన దేశమున నెందులకు తడబడెనో చెప్పుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

1794 సంవత్సరమున రెండు పాఠశాలలు పుట్టినవి. ఒకటి చెన్నపట్టణమున. కుంపిణీవారి సర్వేయరు మైకేల్ టాపింగ్ ఎనమండుగురు బాలురతో దానిని నెలకొల్పెను. మన కృష్ణా గోదావరీ తీరములను కొలిచినవాడాతడే. 1796 లో మచిలీపట్టణముననే మరణించెను. గొలుసు పట్టుటకు, పటము గీయుటకు తక్కువ జీతమునకు చేతులు కావలసి కుంపిణీవారా బడి పెట్టిరి గనుక, పిల్లలకు కొంత గణితము, కొంత కొలతపని చెప్పి సర్వేయర్ల వెంట పంపుచుండిరి. గిండీలోని కళాశాలకు మూలమిదియే.

రెండవది పారిస్ నగరమునందలి ఎకోల్ పాలిటెక్నిక్. అచ్చట సుమారు 400 మంది విద్యార్థులు ఒక్కసారిగా చేరిరి. ఇంతమందికి ఒక్క ఉపన్యాసము వినిపించి పంపివేసిన లాభము లేదని గాస్పార్ మోంజ్ అను గణితవేత్త గ్రహించెను. విద్యార్థులను చిన్న జట్లుగా విభజించి, ఒక్కొక జట్టునకు ఒక నాయకుని నియమించిరి. సందేహములు తీర్చుట, అభ్యాసములు చేయించుట వాని పని. ఆ నాయకులను మోంజ్ మొదట ప్రత్యేకముగా కూర్చుండబెట్టుకొని తానే పాఠము చెప్పెను. అంతకుముందు డంకర్కు కోటపనిలో సామాన్యసైనికుడుగా మట్టి మోసిన మాలస్ అట్లు ఏఱుకొనబడినవాడే. కాంతి ప్రతిఫలించినపుడు ధ్రువణము చెందునని 1808 లో కనుగొన్నవాడాతడు. విద్యార్థులకు ముందు బోధకుని సిద్ధపఱుపవలెనను ఆలోచన, నే నెఱిగినంతలో, ఇంజనీరింగు విద్యయందు తొలుత ఇచ్చటనే స్పష్టముగా కనబడుచున్నది.

తరువాత యంత్రములు పెరిగినకొలది క్రొత్త చిక్కు వచ్చెను. సూత్రములు తరగతిలో చెప్పవచ్చును, చేతిపని యెట్లు? కొలిమియొద్దనో వడ్రంగిబల్లయొద్దనో ఏండ్లకొలది కాచుకొనియుండి, మేస్త్రి చేయునది చూచి, వాడు కసరినపుడు తన తప్పు తెలిసికొనుట పాతపద్ధతి. మేస్త్రికి గడువు దగ్గఱపడిన సరకు ముందు, కుఱ్ఱవాని సందేహము తరువాత. అది వాని దోషము గాదు. వాడు బ్రతుకుటకు పని చేయుచున్నాడు కాని నేర్పుటకు గాదు. మాస్కోలోని ప్రభుత్వ సాంకేతికవిద్యాలయమునకు అధ్యక్షుడైన విక్టర్ డెల్లా వోస్ 1868 ప్రాంతమున ఈ రెంటిని విడదీసెను. వస్తువులు తయారుచేయు కర్మశాల వేఱు, నేర్చుకొను కర్మశాల వేఱు. ప్రతి వృత్తిని మూలక్రియలుగా విఱిచి - కోయుట, చిత్రిక పట్టుట, ఆకురాయితో రాచుట, తొలుచుట, అతుకుట - సులభమైనది మొదలు కఠినమైనదానివఱకు వరుస కూర్చెను. ప్రతి విద్యార్థికి తన బల్ల, తన పనిముట్లు. ఒక మెట్టు చక్కగా చేసినగాని పై మెట్టునకు పోనీయరు. ఒక్క ఉపాధ్యాయుడు పెక్కుమందిని చూచుకొనగలుగుటయే గాక, ఎవడు ఎచ్చట చిక్కుకొనెనో కూడ చూడగలిగెను. వ్యాకరణము చదివినవారికిది క్రొత్తగా తోపదు. శబ్దములను ప్రకృతిప్రత్యయములుగా విడదీసి పాణిని చేసిన పనియే ఇచ్చట ఇనుముమీదను, కఱ్ఱమీదను జరిగినది.

ఆ విద్యాలయమువారు 1876 లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమునకు తమ అభ్యాసపు నమూనాలను వరుసలు తీర్చి పంపిరి. లక్షలకొలది జనులు గొప్ప ఆవిరియంత్రమును చూడ నెగబడుచుండగా, బోస్టనులోని మసాచుసెట్స్ సాంకేతికసంస్థకు అధ్యక్షుడైన జాన్ రంకిల్ ఈ చిన్న ఇనుపముక్కలయొద్ద నిలిచిపోయెను. ఆయన గణితశాస్త్రజ్ఞుడు, సమ్మెట పట్టినవాడు గాడు. అయినను ఆ యేడే తన సంస్థలో బోధనకర్మశాలలు పెట్టించుటకు పూనుకొనెను. ఈ పద్ధతికి దోషము లేకపోలేదు. ఎవరికిని పనికిరాని కీళ్లను మలచుచు, వాని ప్రయోజనమును విద్యార్థి మఱచిపోవుట కలదు.

1893 లో చికాగో ప్రదర్శనసమయమున ఇంజనీరింగు ఉపాధ్యాయులు కూడి, తమ విద్య యొక్క బోధన నభివృద్ధిపఱుచుటకే ఒక సంఘము స్థాపించుకొనిరి. 1918 లో కార్నెగీ సంస్థ పక్షమున చార్లెస్ మాన్ అను భౌతికశాస్త్రపండితుడు పెద్ద విచారణ ప్రకటించెను. ఇంజనీరునకు ఏ గుణము ముఖ్యమని వేలకొలది ఇంజనీర్ల నడుగగా, శీలమును మొదటను, వట్టి పనితంత్రమును తుదను పెట్టిరట. గ్రంథము మంచిదే, కాని చెప్పినవాడు బయటివాడు. కళాశాలల నడవడి యంతగా మారలేదు.

1923 లో ఆ సంఘము తరఫున విచారణకు పూనిన విలియం విక్కెండెన్ ఈ లోటు నెఱిగినవాడు. ఆయన తీర్పు చెప్పుటకు బయలుదేరలేదు. మీ విద్యార్థులెవరు, ఎందఱు నడుమ మానివేయుచున్నారు, ఎందుచేత, అని కళాశాలల బోధకులనే సమితులుగా ఏర్పడి తమ లెక్క తామే తీయుడని కోరెను. పరులు చెప్పిన తప్పునకు సమాధానము వెదకుదుము. మన చేతితో వ్రాసిన లెక్కకు సమాధానమేమి చెప్పగలము? ఆ విచారణనుండి పుట్టినవే 1927 లో ఆరంభమైన ఇంజనీరింగు ఉపాధ్యాయుల వేసవిపాఠశాలలు. మొదటి విషయము యంత్రగతిశాస్త్రము. ఏండ్లతరబడి పాఠము చెప్పుచున్నవారు కొన్ని వారములు బల్లలమీద విద్యార్థులై కూర్చుండి, ఒకరి పాఠము నొకరు విమర్శించుకొనిరి. తరువాతి ఆర్థికమాంద్యమున అవి సన్నగిల్లినవి. 1955 లో గ్రింటర్ అధ్యక్షతను వెలువడిన నివేదిక శాస్త్రభాగమును పెంపుచేయుమనెను. అది యవసరమే. కాని పరిశోధనకు విలువ హెచ్చినకొలది, వ్రాసిన పత్రములను లెక్కించుట సులభమయ్యెను. విద్యార్థికి తెలిసిన పాఠమును లెక్కించుట యెవరికిని చేతగాలేదు.

మన దేశమునకు వత్తము. తెలుగునాట 1946 లో విశాఖపట్టణమున పుట్టి పిదప కాకినాడ చేరిన కళాశాలయు, 1959 లో ఓరుగంటి కళాశాలయు వెలసినవి. బోధకుల మాట యేమి? 1960 తరువాత భోపాలు, కలకత్తా, చండీగఢము, మద్రాసులలో ప్రభుత్వమువారు సాంకేతికోపాధ్యాయుల శిక్షణసంస్థలు నాలుగు పెట్టిరి. అవి ముఖ్యముగా పాలిటెక్నిక్కుల బోధకులకొఱకు. కళాశాలల బోధకులకు 1970 లో గుణాభివృద్ధిపథకము వచ్చెను. దానిచే వారు జీతముతో పోయి పై పట్టములు చదువుకొనవచ్చును. ఈ భేదమును గమనింపుడు. డిప్లొమా పిల్లలకు చెప్పువానికి బోధన నేర్పవలెను. పట్టపు విద్యార్థులకు చెప్పువానికి విషయజ్ఞానము పెంచిన చాలును! నేను పదియేండ్ల పిల్లలకు వాచకము చెప్పుటకు శిక్షణపరీక్ష ప్యాసు కావలసివచ్చినది. అందులో వ్యర్థపు భాగము చాల గలదని నేనే యొప్పుకొందును. అయినను వెనుక బల్లమీద కూర్చుండి నా పాఠమును వేఱొకడు విన్న ఆ నెలదినములు నాకు నేర్పినంత ఏ గ్రంథమును నేర్పలేదు.

మొన్న సంక్రాంతికి నా పాతశిష్యుడొకడు వచ్చెను. వడ్రంగి కొడుకు, ఒక ఇంజనీరింగు కళాశాలలో రెండవయేడు చదువుచున్నాడు. మెకానిక్సు రెండుమార్లు తప్పెను. మానివేసి తండ్రితో పనికి పోదునని చెప్పుటకు వచ్చినాడు. "మాస్టారూ, ఆయన నోటుబుక్కు చూచి బోర్డుమీద వ్రాయును, మేము దింపుకొందుము" అనెను. మొమెంటు అనగా నేమిరా నాయనా యని యడిగితిని. బలమును లంబదూరముచే గుణింపగా వచ్చునది యని గుక్కతిప్పక చెప్పెను. అట్లనగా నేమి? వాడు తల వంచుకొనెను.

వీథితలుపు చూపి, బందులయొద్ద చిటికెనవ్రేలితో నెట్టుమంటిని. కదలలేదు. అదే వ్రేలితో గడియయొద్ద నెట్టుమంటిని. తలుపు తెరచుకొనెను. వాడు కొంతసేపు ఆ తలుపునే చూచి, "గడియ బందులకు దూరముగా బిగింపుమని మా నాయన చెప్పుచుండును, మాస్టారూ. ఎన్ని తలుపులకు నేనే బిగించితినో!" అనెను. మఱల బందులయొద్దకు పోయి, చేయి జరుపుకొనుచు, జానెడుజానెడుకు నెట్టి చూడసాగెను. లోపలినుండి మా యింటివారు తలుపెందుల కట్లు కొట్టుచున్నారని కేక వేసిరి.