కాటుకరేకుల పొడ

రాత్రిపూట మనవాళ్ళు పాముని పాము అనరు, "పురుగు" అంటారు. కరిచిందని కూడా అనరు, "ముట్టింది" అంటారు. పేరెత్తితే పిలిచినట్లేనని భయం. ఇన్ని చదువులు చదివిన మనం కూడా చీకట్లో బియ్యం డబ్బా వెనక ఏదో కదిలితే "పురుగేమో చూడండీ" అనే కదా ఆయన్ని లేపుతాం!

అలా మనం నోట రానివ్వని పేర్లన్నీ పోగుచేసి ఒక దొర పుస్తకం వేశాడు. పోగుచేసింది ఎక్కడో కాదు, మన విశాఖపట్నంలో.

ఆయన పేరు పాట్రిక్ రసెల్. ఎడింబరోలో పుట్టిన డాక్టరు. సిరియాలోని అలెప్పో నగరంలో చాలా ఏళ్ళు వైద్యం చేసి, ప్లేగు సంగతి బాగా తెలిసినవాడని పేరు తెచ్చుకున్నాడు. 1781లో తమ్ముడు క్లాడ్‌కి విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీవారి పెద్ద ఉద్యోగం వస్తే, తోడుగా తనూ వచ్చాడు. అప్పటికి ఈయనకి యాభై దాటాయి. ఆ వయసుకి మనిళ్ళల్లో మగవాళ్ళు పడక్కుర్చీ ఎక్కి కాఫీకి కేకలేస్తుంటారు. ఈయన మాత్రం మొక్కలూ, చేపలూ, పాములూ ఏరుకుంటూ తిరిగాడు. 1785లో కంపెనీవారి ప్రకృతి శాస్త్రజ్ఞుడు కోనిగ్ చనిపోగానే ఆ ఉద్యోగం ఈయనకే ఇచ్చారు.

పాముల్లో అన్నీ విషప్పురుగులు కావని అందరికీ తెలుసు. మరి కరిచింది ఏదో చెప్పడం ఎలా? రంగు చూసి చెబుదామంటే ఒకదాని రంగు ఇంకోదానికుంటుంది. రసెల్ నోరు తెరిచి చూశాడు. విషం ఉన్నవాటికి పైదవడ ముందు భాగంలో కోరలుంటాయి కదా, ఆ పళ్ళనే గుర్తుగా పట్టుకున్నాడు. పొట్టకింద పొలుసులు లెక్కపెట్టాడు. కోళ్ళనూ కుక్కలనూ పాములచేత కరిపించి, ఏది ఎంతసేపటికి పోయిందో రాసుకున్నాడు. ఆ కుక్కల్ని తలుచుకుంటే నాకు కడుపులో దేవుతుంది, అయినా జరిగింది జరిగినట్లు చెప్పాలిగా. ఆ రోజుల్లో తంజావూరు మాత్రలని పాముకాటుకి ఒక మందు ఉండేది. అందులో ముఖ్యమైన సరుకు పాషాణం! అది పనిచేయదని పరీక్షించి తేల్చిందీ ఈయనే.

1789లో స్వదేశం వెళ్ళిపోయాడు. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. పెద్ద పెద్ద రంగుల బొమ్మలు. రెండో సంపుటం భాగాలుగా వస్తుండగానే 1805లో కన్నుమూశాడు.

నాకు ముచ్చట అనిపించేది ఆ బొమ్మల కింది పేర్లు. ఇంగ్లీషు స్పెల్లింగులో చిక్కి కాస్త నలిగినా, అవి మన తెలుగు పేర్లే. బంగారు పాము, బోడ్రు పాము, గెడి పరగుడు, పెద్దపొడ. అన్నిటికన్నా అందమైనది కాటుకరేకుల పొడ. ఇంతకీ అదేమిటనుకున్నారు? మనం రక్తపింజర అనే కాలాంతకి! ఒంటి మీద వరసగా గోధుమరంగు మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ నల్లటి అంచు. ఎవరో శ్రద్ధగా కాటుక దిద్దినట్లే ఉంటుంది. ఆ పేరు పెట్టింది తప్పకుండా ఆడదే అయి ఉంటుందని నా నమ్మకం. మగవాడైతే రక్తం దగ్గరే ఆగిపోయేవాడు.

ఆ తరవాత ఈ పేర్లకి పెళ్ళిళ్ళయ్యాయి. 1797లో లండన్‌లో జార్జ్ షా అనే పండితుడు కాటుకరేకుల పొడకి లాటిన్ పేరు పెడుతూ రసెల్ పేరు తగిలించాడు. దాంతో అది లోకమంతటికీ "రసెల్స్ వైపర్" అయి కూచుంది. పుట్టింటి పేరు పుట్టింటివాళ్ళే మరిచిపోయారు. బంగారు పాము సంగతి దీనికి తిరకాసు. 1803లో ఒక ఫ్రెంచి పండితుడు దాని కుటుంబానికంతటికీ "బుంగారస్" అని మన మాటే ఇంటిపేరుగా పెట్టాడు. అందుచేత వీసమెత్తు పసుపు రంగు లేని కట్లపాము కూడా శాస్త్రంలో బంగారు వారి ఆడపడుచే.

ఈ కట్లపాముతో మాత్రం హాస్యం పనికిరాదు. రాత్రిళ్ళు ఇళ్ళల్లోకి వచ్చి నేలమీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. నొప్పి కూడా పెద్దగా ఉండదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి. దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపుకుని పడుకుంటే దోమలతోపాటు ఇదీ రాదు. మనదేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని ఒక అంచనా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగూ అందులో ముఖ్యమైనవి. నాలుగూ రసెల్ పుస్తకంలో ఉన్నాయి.

ఆయనకి దొరకని విరుగుడు నూరేళ్ళ తరవాత, 1890ల్లో, ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్‌కి దొరికింది. విషాన్ని కొంచెం కొంచెంగా జంతువుకి ఎక్కించి, దాని రక్తం నుంచి మందు తీయడం. ఇప్పుడు మన ఆస్పత్రుల్లో ఇచ్చే ఇంజెక్షను గుర్రాల రక్తం నుంచి తీసిందే, ఈ నాలుగు పాములకీ పనిచేస్తుంది. కనక పాముని చంపి సంచీలో వేసుకుని డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళక్కర్లేదు. మనిషిని తీసుకెళ్తే చాలు.

మందు కావాలంటే విషం కావాలి, విషం కావాలంటే పాము బతికుండాలి. ఆ విషం చాలావరకు తమిళనాడులోని ఇరుళవాళ్ళు తీసిచ్చిందే. ఒకప్పుడు వాళ్ళు తోలుకోసం పాముల్ని చంపేవాళ్ళు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి, 1976లో పాము తోళ్ళ ఎగుమతి ఆగిపోయాక పూట గడవడం కష్టమైంది. 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాములు పట్టే నేర్పు అదే, చంపడం మాత్రం మానేశారు. వారిలో వడివేల్ గోపాల్, మాసి సదయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

మద్రాసు దగ్గర వడనెమ్మేలిలో ఉంది వాళ్ళ కేంద్రం. అక్కడ పాముల కాపురం కుండల్లో. కుండలో సగానికి ఇసక పోసి, పాముని వదిలి, ఆవకాయ జాడీకి కట్టినట్లు మూతికి వాసెన కడతారు. నాలుగు వారాలు ఉంచుకుని, వారానికోసారి విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. వదిలేముందు పొట్టకింద పొలుసుల మీద చిన్న గుర్తు పెడతారు. ఆ గుర్తున్న పాము మళ్ళీ చేతికి చిక్కినా పట్టుకోరు. కొన్ని కుబుసాలు విడిచేసరికి ఆ గుర్తు దానంతటదే చెరిగిపోతుంది.