సగం తెరిచిన తలుపు

మా ఉయ్యూరుకు బందరు ఎంతో దూరం కాదు. వెళ్ళినప్పుడల్లా నోబుల్ కాలేజీ చూసి ఆలోచనలో పడతాను.

1843లో రాబర్ట్ నోబుల్ అనే పాదిరీ దొర పెట్టిన బడి అది. మత ప్రచారమే ఆయన ఉద్దేశం. అయినా అగ్రకులాలవాళ్ళు పిల్లల్ని పంపరేమోనని మాల, మాదిగ బిడ్డల్ని చేర్చుకోలేదు! 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవంలో కలిసేసరికి బడి దాదాపు ఖాళీ. మళ్ళీ మెల్లగా నిండింది. చదువు రుచి అలాంటిది మరి!

తర్వాత అక్కడే పాఠాలు చెప్పిన బ్రహ్మసమాజికులు రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు భోగంమేళాలు కూడదన్నారు. కాకినాడలో ప్రిన్సిపాలయ్యాక ఆడపిల్లలనూ, దళిత విద్యార్థులనూ ఆదరించారు.

ఒక మతం సగం తెరిచిన తలుపును ఇంకొకటి ఇంకాస్త తోసింది. మా అమ్మమ్మ వేలిముద్ర వేసేది, నేను బి.ఏ. చదివాను. తలుపు తీసినవాళ్ళనూ, బయటే నిలబెట్టిన పిల్లలనూ కూడా మరిచిపోకూడదు కదా!