కెటిల్‌లో సుద్ద: లండన్ నీళ్ల కథ



లండన్‌లో కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్ల ఇళ్లలో నెల తిరక్కుండానే ఒక మాట వినబడుతుంది: "ఇక్కడి నీళ్లు మనకు పడేట్టు లేవు." కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతుంది. టీ మీద సన్నటి తెట్టు తేలుతుంది. తలంటుకుంటే జుట్టు పీచులా తయారవుతుంది. కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. పసివాడి మోచేతి మడతలో దురద కనబడితే అమ్మమ్మ ఇండియా నుంచి ఫోన్‌లోనే తేల్చేస్తుంది, అంతా నీళ్ల వల్లేనని! ఇందులో దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అన్నది తెలియాలంటే ఈ ఊరి నీళ్ల చరిత్ర కొంచెం తెలుసుకోవాలి.

ముందు ఆ తెల్లటి పదార్థం సంగతి. థేమ్స్ నదికి నీళ్లు వచ్చే కొండలు చాలావరకు సుద్ద, సున్నపురాతి కొండలు. మన బడిలో నల్లబల్ల మీద రాసిన సుద్ద పేరే ఈ రాయికీ. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని ఆ రాతిలోకి ఇంకుతూ కాస్త కాస్త కరిగించుకుంటుంది. ఆ నీళ్లు కాగితే కరిగిన సుద్ద మళ్లీ గట్టిపడి కెటిల్‌కు అంటుకుంటుంది. లండన్‌లో చాలాచోట్ల లీటరు నీటిలో ఈ కాఠిన్యం 250 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మన పల్నాడులో సున్నపురాతి నేల మీద బోరు నీళ్లు కాచుకున్నవారికి ఈ పొర కొత్తేమీ కాదు.

సబ్బుకు ఈ నీళ్లతో సరిపడదు. నీటిలోని కాల్షియం సబ్బును పట్టుకొని తెట్టుగా మార్చేస్తుంది. కాల్షియం అంతా అలా తీరిపోయాకే నురగ వస్తుంది. అంటే మొదట వాడిన సబ్బంతా నీళ్లపాలే. ఆబర్డీన్‌లో రసాయన శాస్త్రం చెప్పిన థామస్ క్లార్క్ అనే ప్రొఫెసర్ దీన్నే కొలబద్దగా చేశాడు. నురగ నిలవడానికి ఎంత సబ్బు నీళ్లు పోయాలో చూసి కాఠిన్యం చెప్పేవాడు. కఠినమైన నీటిలో సున్నం కలిపితే సుద్ద అడుక్కు దిగిపోయి నీళ్లు మెత్తబడతాయని 1841లో పేటెంట్ కూడా తీసుకున్నాడు. మన పెద్దవాళ్లు ఈ గొడవ కుంకుడుకాయతో దాటేశారు. కుంకుడు నురగ సబ్బు నురగ లాంటిది కాదు, కాల్షియంతో కలిసి తెట్టు కట్టదు.

ఇప్పుడు మనకు ఇది చిన్న చికాకు. అప్పటి లండన్‌లో ఇది పేదవాడి జేబుకు సంబంధించిన విషయం. సబ్బు మీద సర్కారు పన్ను 1853 దాకా ఉండేది. అందుకే ఎడ్విన్ చాడ్విక్ నడిపిన ఆరోగ్య మండలి 1850లో ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. థేమ్స్‌ను వదిలేసి సర్రే ప్రాంతపు ఇసుక నేలల నుంచి మెత్తటి నీళ్లు తేవాలి, సబ్బు మిగులుతుంది, టీ ఆకు కూడా మిగులుతుంది అని వాదించింది. ఆ పథకం జరగలేదు. 1852లో వచ్చిన చట్టం థేమ్స్‌నే ఉంచి, నీటి కంపెనీలు టెడింగ్టన్‌కు ఎగువన, ఊరి మురుగు కలవని చోట నీళ్లు తోడుకోవాలని, ఇళ్లకిచ్చే నీటిని వడగట్టాలని చెప్పింది. గడువు 1855.

ఆ గడువు లోపలే 1854లో కలరా వచ్చింది. డాక్టర్ జాన్ స్నో దక్షిణ లండన్‌లో రెండు కంపెనీల నీళ్లు తాగే ఇళ్లను పోల్చి చూశాడు. రెండూ థేమ్స్ నీళ్లే, రెంటిలోనూ సుద్ద ఉన్నదే. ఒక కంపెనీ అప్పటికే ఎగువకు మారిపోయింది. రెండోది బాటర్సీ దగ్గర మురుగు కలిసిన చోటే తోడుతోంది. మొదటి ఏడు వారాల్లో ఎగువ నీళ్లు తాగిన ప్రతి 10,000 ఇళ్లకు 37 మంది పోతే, బాటర్సీ నీళ్లు తాగిన 10,000 ఇళ్లకు 315 మంది పోయారు.

అదే ఏడు సోహోలో బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టుపక్కల ఆరు వందల మందికి పైగా చనిపోయారు. ఆ వీధిలో ఒకప్పుడు ఉన్న సుసానా ఈలీ అనే పెద్దావిడ హాంప్‌స్టెడ్‌కు మారిపోయినా, ఆ పంపు నీళ్ల రుచి మరవలేక రోజూ సీసాలో తెప్పించుకునేవారు. ఆమె సెప్టెంబరు 2న కన్నుమూశారు. రుచి బాగున్న నీళ్లే ప్రాణం తీశాయి.

ఇక మెత్తటి నీళ్లు తెచ్చుకున్న ఊరి కథ. గ్లాస్గోకు కాట్రిన్ సరస్సు నీళ్లు 1859లో వచ్చాయి. విక్టోరియా రాణి స్వయంగా ప్రారంభించింది. ఆ నీళ్లలో కెటిల్‌కు పొర కట్టదు, సబ్బు ఇట్టే నురగలు కక్కుతుంది. ఆ పథకం కట్టిన ఇంజనీరు బేట్‌మన్ 1865లో లండన్‌కు కూడా వేల్స్ కొండల నుంచి మెత్తటి నీళ్లు తెస్తానన్నాడు. 1869లో రాయల్ కమిషన్ అక్కర్లేదంది. లండన్ సుద్ద నీళ్లతోనే ఉండిపోయింది.

గ్లాస్గోకు మాత్రం ఆ మెత్తదనం ఖరీదు తరవాత తెలిసింది. ఆ రోజుల్లో ఇళ్లకు వేసినవి సీసపు గొట్టాలు. సుద్ద నీళ్లు గొట్టం లోపల పొర కట్టి సీసాన్ని కొంతవరకు కప్పి ఉంచుతాయి. మెత్తటి నీళ్లు దాన్ని కరిగించుకుంటాయి. నీళ్లు తేటగానే ఉంటాయి, రుచీ మారదు. అది పిల్లల మెదడు ఎదుగుదలకు చెరుపు. చివరకు 1978 నుంచి గ్లాస్గో తన నీళ్లలో సున్నం కలపవలసి వచ్చింది. 1989 నుంచి ఫాస్ఫేట్ కూడా కలిపారు. లండన్ వదిలించుకోవాలనుకున్న సున్నాన్ని గ్లాస్గో కొనుక్కుని కలిపిందన్నమాట!

మరి మన ఇంటికి ఈ చరిత్ర చెప్పేదేమిటి? కెటిల్‌లోని సుద్ద మురికి కాదు. నిమ్మ ఉప్పు గాని వినిగర్ గాని వేసి కాస్త కాచి కడిగితే పోతుంది. దానివల్ల కిడ్నీలో రాళ్లు వస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పప్పుకు ముందుగా కాచి తేర్చిన నీళ్లు వాడి చూడండి. కాల్షియం తగ్గితే పప్పు మెత్తగా ఉడుకుతుంది.

పిల్లల దురద సంగతి వేరు. కఠినమైన నీళ్లున్న చోట ఎగ్జిమా ఎక్కువని 1998లో నాటింగ్‌హామ్ ప్రాంతపు బడిపిల్లల మీద చేసిన పరిశోధనలో తేలింది. అయితే 2011లో వెలువడిన పరీక్షలో 336 మంది పిల్లల్లో కొందరి ఇళ్లలో నీళ్లు మెత్తబరిచే యంత్రాలు పెట్టి 12 వారాలు చూస్తే, మిగతా పిల్లల కంటే వాళ్లకు ప్రత్యేకంగా తగ్గలేదు. కాబట్టి యంత్రం అమ్మేవాడి మాట విని వెయ్యి పౌండ్లు పోసేముందు డాక్టరుకు చూపించండి. యంత్రం ఉన్న ఇళ్లలో కూడా తాగడానికి, పాలపొడి కలపడానికి మెత్తబరచని నీళ్ల కుళాయి ఒకటి విడిగా ఉంచండి. ఆ యంత్రాలు కాల్షియం తీసేసి సోడియం కలుపుతాయి.

అసలు చూడవలసింది సీసం. మీ ఇల్లు 1970కి ముందు కట్టినదైతే వంటింటి సింక్ కింద గొట్టం చూడండి. మొద్దు బూడిదరంగులో ఉండి, నాణెంతో మెల్లగా గీస్తే లోపల వెండిలా మెరిస్తే అది సీసమే కావచ్చు. నీళ్ల కంపెనీకి చెబితే నీళ్లు పరీక్షిస్తారు. అద్దె ఇల్లయితే ఇంటి యజమానికి రాతపూర్వకంగా తెలియజేయండి. గొట్టం మార్చేదాకా పొద్దున్నే కాసేపు నీళ్లు వదిలాక పట్టుకోండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: కాచితే క్రిములు చస్తాయి గాని సీసం పోదు.

కంటికి కనబడే సుద్దతో మనం రోజూ తగువు పడుతున్నాం. పొర కట్టిన కెటిల్‌ను తీరిగ్గా కడుక్కోవచ్చు. సింక్ కింద గొట్టం మాత్రం ఈ వారమే చూడండి.