నేనెవరినంటే... కావ్యాల మొదటి పుటల్లో కవులు

డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. ఉద్యోగాల ఇంటర్వ్యూలు దగ్గరపడితే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. “మాస్టారూ, మీ గురించి చెప్పండి అని అడిగితే ఏం చెప్పాలండీ?” అంటారు. ఇంగ్లీషు మాస్టారిని అడగాల్సిన మాటే. అయినా నా దగ్గర దీనికి ఆరువందల ఏళ్లనాటి మందు ఉంది. కాశీఖండం తీసి అవతారిక చదివిస్తాను.

మన కావ్యాలకు ముందు అవతారిక రాయడం నన్నయ నాటినుంచీ ఉన్న ఆచారమే. దేవతాస్తుతి, పాతకవులకు దండం, చెడ్డకవులకు నాలుగు చీవాట్లు, కృతి పుచ్చుకునే ప్రభువు వంశవర్ణన, నడుమ ఎక్కడో కవి సంగతి. అచ్చుయంత్రం లేని కాలం. తాటాకు ప్రతి ఏ ఊరు చేరుతుందో, ఎవరు చదువుతారో రాసినవాడికి తెలియదు. పైగా కావ్యరచనంటే ఒకరు అప్పగించగా ఒప్పుకునే పని. అప్పగించినదెవరు, ఒప్పుకున్నదెవరు, అతనికి ఆ పని చేతనవునా అన్న సంగతులు పుస్తకంలోనే ఉండాలి.

నన్నయ తనను తాను ప్రథమ పురుషలో చెప్పుకున్నాడు. రాజరాజనరేంద్రుడు సభలో తన కులబ్రాహ్మణుడి వైపు చూస్తాడు. ఆ చూపు వెంబడే అర్హతలన్నీ వస్తాయి: జపహోమాలు, వ్యాకరణం, పురాణాల పరిచయం, ఆపస్తంబ సూత్రం, ముద్గల గోత్రం. వాటిమధ్య రెండు మాటలు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. ఒకటి, ఈయన లోకం తెలిసినవాడని. రెండోది, రెండు భాషల్లోనూ కావ్యం రాయగలడని. సంస్కృత భారతాన్ని తెలుగు చేయబోయేవాడికి కావలసిన అసలు అర్హత ఆ రెండోదే కదా! తనకు సాయపడిన నారాయణభట్టు పేరు కూడా దాచుకోలేదు. యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడైనట్టు తనకు తోడయ్యాడని రాశాడు. ఆ నారాయణభట్టుకు రాజు నందంపూడి అగ్రహారం ఇచ్చినప్పుడు, రాగిరేకుల మీది శాసనం రచించింది నన్నయే. స్నేహితుడికి ఎన్ని భాషల్లో కవిత్వం వచ్చో అందులో పేరుపేరునా చెప్పాడు. ఇంతకన్నా గట్టి సిఫారసు ఉత్తరం నేను చూడలేదు.

తిక్కన తన సంగతి కలలో చెప్పించుకున్నాడు. తండ్రి కొమ్మన కలలో కనిపిస్తాడు, హరిహరనాథుడు ప్రత్యక్షమవుతాడు. మొల్ల మాత్రం ఆతుకూరి కేసన కూతురినని చెప్పి, శాస్త్రాలేవీ తనకు రావని ఒక్కొక్కటిగా వల్లించింది. ఆ శాస్త్రాల పేర్లన్నీ అంత చక్కగా తెలిసిన మనిషి మాట నేను నమ్మను. ఇంటర్వ్యూలో మాత్రం ఆ దారి వద్దని ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెబుతాను.

ఇక శ్రీనాథుడు. రాజమహేంద్రవరం రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండంలో ఒక సీసం ఉంది. నేనూ మా మాస్టారి దగ్గర కంఠస్థం చేసిందే. పిలకజుట్టు వయసులో మరుత్తరాట్చరిత్ర, నూనూగు మీసాల నాడు శాలివాహన సప్తశతి, నిండు యౌవనంలో నైషధం, వయసు ముదిరాక భీమఖండం, ఒంట్లో సత్తువ పూర్తిగా తగ్గకముందే ఇప్పుడీ కాశీఖండం. చివర ఎత్తుగీతిలో కర్ణాటదేశాన్ని తలుచుకుని తన పేరు పెట్టుకున్నాడు. ఈ పద్యంలో తాతలూ తండ్రులూ గోత్రమూ లేరు. ఏ వయసులో ఏ పని చేశాను, ఇప్పుడేం చేయబోతున్నాను, అంతే. పైగా “నేను” అని చెప్పాడు. నన్నయ తర్వాత నాలుగు శతాబ్దాలకు కవి తన నోటితో తన పని లెక్క చెప్పుకున్న తీరిది. అన్నీ ఏకరువు పెట్టలేదు కూడా. హరవిలాసం పేరు ఆ వరసలో లేదు.

ఆ హరవిలాసం అవతారికను బి.కాం. పిల్లలకు చదివిస్తాను. కృతిపతి రాజూ కాదు, మంత్రీ కాదు. అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడు, కవికి చిన్ననాటి చెలికాడు. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు అందించిన కుటుంబం వాళ్లది. దానశీలుడు, ధర్మాత్ముడు అని ఊరికే పొగిడి ఊరుకోలేదు శ్రీనాథుడు. ఏ దేశంనుంచి ఏ సరుకు తెప్పిస్తారో ఒక సీసంలో వరసపెట్టాడు. పంజారం నుంచి కర్పూరపు చెట్లు, సింహళం ఏనుగులు, హురుమంజి గుర్రాలు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టు. హురుమంజి అంటే నేటి హోర్ముజ్. ఓడవ్యాపారం చేసే మనిషిని పరిచయం చేయాలంటే సరుకూ రేవూ చెప్పాలి మరి.

అవతారికతో పరిచయం అయిపోదు. ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్యం ఉంటుంది. ఫలానావారి కొడుకు, ఫలానా బిరుదుగలవాడు, ఫలానా కవి రాసింది అని. పాఠం చెప్పేటప్పుడు ఇది దాటేసే మాస్టార్లే ఎక్కువ. కానీ పోతన భాగవతంలో అయిదో స్కంధం బొప్పరాజు గంగనదనీ, ఆరోది ఏర్చూరి సింగనదనీ తెలిసేది ఆ గద్యాలవల్లనే. చివరి రెండు స్కంధాలు రాసిన వెలిగందల నారయ తాను పోతనకు శిష్యుణ్నని కూడా అక్కడే చెప్పుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దిలో వీరేశలింగంగారు ఆంధ్రకవుల చరిత్ర రాయడానికి పూనుకున్నప్పుడు కవి ఊరూ పేరూ వెతుక్కున్నది ముఖ్యంగా ఈ అవతారికల్లో, గద్యాల్లోనే.

అచ్చు పుస్తకం వచ్చాక పేరు అట్టమీదికి వెళ్లిపోయింది, పీఠిక మరొకరు రాయడం మొదలైంది. అయినా తిరుపతి వేంకట కవులు సంస్థానాలు తిరిగినన్నాళ్లూ పద్యంతోనే తమను పరిచయం చేసుకున్నారు. ఆ సందర్భాల పద్యాలే నానారాజ సందర్శనము.

పిల్లలు సాధారణంగా ఒకటే అడుగుతారు, “అంత పాతది మాకెందుకండీ?” అని. నేను శ్రీనాథుడి సీసమే మళ్లీ చూపిస్తాను. అందులో మొదట చెప్పిన మరుత్తరాట్చరిత్ర ఈనాటికీ దొరకలేదు. అలాంటి కావ్యం ఒకటి ఉండేదని మనకు తెలిసింది, తాను రాశానని ఆయన చెప్పుకోబట్టే.